పటం మీద పడే వెలుగుకో లెక్క

కథకుల చేతుల్లో ఉన్నంత కాలం తెలంగాణ పటం ఏడాదిలో ఎక్కువ రోజులు చుట్టలోనే ఉండేది. మ్యూజియం గోడకు చేరిన నాటి నుంచి అదే పటం తెరచుకునే ఉండవలసి వస్తున్నది. ఈ మార్పు వల్ల దాన్ని చూసేవారు పెరిగారు, దాని కథ పోషక కులం గడప దాటి అందరిదీ అయింది. కాని ఒక్కో ఊరిలో కొన్ని గంటలు మాత్రమే వెలుగు చూసిన రంగులు ఇప్పుడు రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి దాదాపు 300 రోజులు వెలుగుకు ఎదురొడ్డి నిలవవలసిన స్థితి కూడా దానితో పాటే వచ్చింది. వెలుగు లేకపోతే బొమ్మ కనిపించదు, వెలుగు పడినకొద్దీ బొమ్మలోని రంగు తరిగిపోతుంది. ప్రపంచంలోని మ్యూజియంలన్నీ నూరేళ్లకు పైగా తలమునకలైన ఈ చిక్కుకు కరీంనగర్, ఆదిలాబాద్ సీమల కళారూపాలు తమవైన మెలికలు కొన్ని జోడిస్తాయి. వాటిలో ఒక మెలికకు జవాబు ఆ కళారూపంలోనే దొరుకుతుంది.

తెలంగాణ పటం దాదాపు మూడు అడుగుల వెడల్పుతో, ముప్ఫై నలభై అడుగులు, కొన్నిసార్లు అంతకు మించి సాగే గుడ్డ చుట్ట. పైనుంచి కిందికి గళ్లుగా విభజించిన ఆ గుడ్డ మీద మొదట వినాయకుడు, సరస్వతి వంటి దేవతలు, ఆ తర్వాత ఒక కులం పుట్టుక కథ వరుసగా సాగుతాయి. గడికీ గడికీ నడుమ పూలతీగ అంచు ఉంటుంది. కథ చెప్పే హక్కు ఒక కులానిది, వినే హక్కు, పోషించే బాధ్యత మరొక కులానివి. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, భావనారుషి కథను కూనపులి వారు చెబుతారు. ముదిరాజులకు పాండవుల కథను కాకిపడిగెల వారు, మాదిగలకు జాంబ పురాణాన్ని డక్కలి వారు, గౌడులకు వారి పురాణాన్ని గౌడజెట్టి వారు చెబుతారు. సిరిసిల్ల వంటి నేత ఊళ్లున్న కరీంనగర్ సీమ ఈ కథలకు ముఖ్యమైన పోషక క్షేత్రాలలో ఒకటి. పటం గీసేవారు నకాషీలు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోను, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోను ఉన్న చేర్యాల వారి నివాసంగా పేరుపడటం వల్ల ఈ బొమ్మలకు చేర్యాల పటాలనే పేరు లోకంలో స్థిరపడింది గాని, అవి తిరిగిన ఊళ్లు గోదావరి దాకా పరచుకొని ఉన్నాయి.

మ్యూజియం దీపాల సంగతి చెప్పడానికి ముందు పటం తయారీ కొంత తెలియాలి, ఎందుకంటే వెలుగు పాడుచేసేది బొమ్మను కాదు, బొమ్మ తయారైన పదార్థాలను. నకాషీలు ముతక ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల అంబలి, తుమ్మ జిగురు కలిపిన పూతను మూడు సార్లు పట్టించి, ఒక్కో పూత ఆరిన తర్వాతే మరొకటి వేసి గట్టి తలాన్ని సిద్ధం చేస్తారు. ఆ తలం మీద ముందుగా ఎర్రని నేల పరచుకుంటుంది. ఆ ఎరుపు మధ్య నుంచే నీలి దేవుళ్లు, పసుపు స్త్రీలు, తెల్లని ఆవులు బయటికి వస్తాయి. పాత పద్ధతిలో తెలుపు గవ్వలను, శంఖాలను నూరగా వచ్చేది, నలుపు దీపపు మసి, నీలం నీలిమందు, ఎరుపు ఇంగిలీకం, అంటే పాదరసం, గంధకం కలిసిన సమ్మేళనం. ఈ రంగులన్నీ వెలుగును ఒకే తీరుగా తట్టుకోవు. ఈ తేడాలో ఉన్న కథ పటం మీది కథ కంటే తక్కువదేమీ కాదు.

వెలుగు చేసే పని

వెలుగు శక్తి మోసుకొచ్చే కణాల ప్రవాహమని, ఆ కణాలను ఫోటాన్లంటారని బడి పుస్తకాల్లో ఉన్నదే. ఎరుపు వైపు ఫోటాన్‌లో శక్తి తక్కువ, నీలం, ఊదా వైపు ఎక్కువ, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాల్లో ఇంకా ఎక్కువ. రంగునిచ్చే అణువు ఒక ఫోటాన్‌ను మింగినప్పుడు ఆ శక్తి ఎక్కువసార్లు వేడిగా మారి పోతుంది; అరుదుగా ఒకసారి అణువులోని బంధాన్ని తెంపుతుంది, లేదా గాలిలోని ప్రాణవాయువుతో, తేమతో కొత్త చర్యకు దారి తీస్తుంది. తెగిన బంధం మళ్లీ అతకదు. అందువల్ల వెలుగు చేసే హానికి విశ్రాంతితో కోలుకోవడం ఉండదు. చీకటి గదిలో పదేళ్లు దాచిన పటం అంతకు ముందు పోగొట్టుకున్న రంగును తిరిగి తెచ్చుకోదు, మరింత పోకుండా ఆగుతుందంతే. ఇంగ్లండులో వాల్టర్ రస్సెల్, విలియం ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నీటిరంగుల మీద వెలుగు ప్రభావాన్ని పరీక్షించి 1888లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. స్పెక్ట్రంలో నీలం, ఊదా వైపు కిరణాలే ఎక్కువ హాని చేస్తాయని, ఆ హానిలో గాలికీ తేమకూ పాత్ర ఉందని అప్పుడే తేలింది.

హాని కొలవాలంటే ముందు వెలుగును కొలవాలి. ఒక తలం మీద ఎంత వెలుగు పడుతున్నదో చెప్పే కొలమానం లక్స్; ఒక మీటరు దూరంలో ఉన్న ఒక్క కొవ్వొత్తి తన ఎదుట ఉన్న తలం మీద వేసే వెలుగు సుమారు ఒక లక్స్. ఎండాకాలపు మిట్టమధ్యాహ్నం కరీంనగర్ వీధిలో నేరుగా పడే ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. అయితే మ్యూజియానికి కావలసింది ఒక్క క్షణపు వెలుగు కాదు, ఎన్ని గంటలు ఎంత వెలుగు పడింది అన్న మొత్తం. లక్స్‌ను గంటలతో గుణిస్తే వచ్చే లక్స్-గంట ఆ మొత్తానికి పేరు. వంద లక్స్ వెలుగు పది గంటలు పడినా, పది లక్స్ వెలుగు వంద గంటలు పడినా రంగుకు దాదాపు ఒకే హాని. ఈ సూత్రం మ్యూజియం నిర్వాహకుడికి కట్టడితో పాటు స్వేచ్ఛనూ ఇస్తుంది: ఎక్కువ వెలుగు కావాలనుకుంటే గంటలు తగ్గించుకోవచ్చు, ఎక్కువ రోజులు చూపాలనుకుంటే వెలుగు తగ్గించుకోవచ్చు.

లండన్ నేషనల్ గ్యాలరీకి శాస్త్ర సలహాదారుగా పనిచేసిన గ్యారీ థామ్సన్ 1978లో వెలువరించిన గ్రంథం మ్యూజియంల వాతావరణంపై ప్రామాణికమైంది. నీటిరంగులు, బట్టలు, చేతిరాత కాగితాల వంటి సున్నితమైన వస్తువులకు 50 లక్స్ మించరాదన్న నియమం లోకమంతటా పాకడంలో ఆ పుస్తకానికి పెద్ద పాత్ర ఉంది. ఆ తర్వాత అంతర్జాతీయ ప్రకాశ సంఘం 2004లో వస్తువులను నాలుగు తరగతులుగా విడదీసి వార్షిక పరిమితులు చెప్పింది. రాయి, లోహం, మట్టిపాత్రల వంటివి వెలుగుకు చలించవు గనుక వాటికి పరిమితి లేదు. తక్కువ స్పందన గలవాటికి 200 లక్స్, ఏడాదికి 6 లక్షల లక్స్-గంటలు. మధ్యస్థమైనవాటికి 50 లక్స్, ఏడాదికి లక్షన్నర లక్స్-గంటలు. మిక్కిలి సున్నితమైనవాటికి అదే 50 లక్స్, కాని ఏడాదికి 15,000 లక్స్-గంటలు మాత్రమే. చివరి రెండు తరగతులకు వెలుగు బలం ఒకటే, అనుమతించిన కాలంలో తేడా పది రెట్లు. 50 లక్స్ పెట్టేశాం, ఇక పని అయిపోయిందనుకునేవారు తరచు మరిచిపోయేది ఈ సగాన్నే.

ఏ రంగు ఏ తరగతికి చెందుతుందో నిర్ణయించడానికి నీలి ఉన్ని పట్టీలు వాడతారు. ఎనిమిది వేర్వేరు నీలి అద్దకాలతో రంగు వేసిన ఎనిమిది ఉన్ని ముక్కలను ఒక అట్టకు అంటించి వెలుగులో ఉంచితే, మొదటిది అన్నిటికంటే ముందు వెలుస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్కటి తన ముందుదాని కంటే రెండు మూడు రెట్లు ఆలస్యంగా వెలుస్తుంది. మొదటి ముక్క స్థాయి రంగులో కంటికి తెలిసే తొలి మార్పు రావడానికి, అతినీలలోహితం లేని వెలుగులో సుమారు 3 లక్షల లక్స్-గంటలు పడుతుంది. కిటికీ పక్కన 500 లక్స్ పడే గోడకు అలాంటి రంగున్న బొమ్మను తగిలించి రోజుకు 8 గంటలు తెరిచి ఉంచితే ఆ మొత్తం 75 రోజుల్లో పూర్తవుతుంది. 50 లక్స్‌తో అదే పని రెండున్నరేళ్లు పడుతుంది. ఏడాదికి 15,000 లక్స్-గంటల కట్టుబాటు పాటిస్తే ఇరవై ఏళ్లు.

ఎరుపు, పసుపు, నీలం

పటం రంగులను ఈ కొలతలకు ఎదురుగా నిలిపితే కొన్ని సులువుగానే తేలిపోతాయి. దీపపు మసి కర్బనం, దానికి వెలుగు భయం లేదు. గవ్వల తెలుపు సున్నపు పదార్థం, అదీ నిలుస్తుంది. జేగురు, అంటే ఇనుప తుప్పు చేరిన ఎర్రమన్ను, అజంతా గోడల మీద శతాబ్దాలు నిలిచిన రంగు. ఇంగిలీకం సంగతి వేరు. అది వెలిసిపోయే రంగు కాదు, నల్లబడే రంగు; వెలుగుకు తోడు క్లోరిన్ లవణాల జాడ తగిలితే దాని ఎరుపు మీద బూడిద వన్నె, ఆపై నలుపు వన్నె పేరుకుంటుంది. ఎరుపే నేలగా ఉన్న పటంలో ఈ మార్పు ఒక బొమ్మకు కాదు, కథ మొత్తానికి సోకుతుంది. నీలిమందు మధ్యస్థంగా తట్టుకుంటుంది గాని, పలుచగా పూసిన చోట త్వరగా వెలుస్తుంది.

అసలు చిక్కు పసుపు వన్నెది. అది హరిదళమై ఉంటే, అంటే ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజమై ఉంటే, వెలుగులో మెల్లగా తెల్లని ఆర్సెనిక్ ఆక్సైడుగా మారుతుంది. పసుపుకొమ్ము నుంచి తీసినదైతే అంత నిదానం కూడా ఉండదు. బట్ట మీది పసుపు మరక ఎన్ని ఉతుకులకూ పోక, ఎండలో ఆరేస్తే సాయంత్రానికి పోవడం తెలంగాణలో ప్రతి ఇల్లాలికీ తెలిసిన రసాయనశాస్త్రం. రెండిటినీ కంటితో చూసి వేరు చేయడం కష్టం. అందుకే పటాన్ని ప్రదర్శనకు పెట్టే ముందు పరీక్ష అవసరమవుతుంది. అమెరికాలో పాల్ విట్‌మోర్ బృందం 1990లలో రూపొందించిన సూక్ష్మ పరీక్షా యంత్రం మిల్లీమీటరులో సగం కూడా లేని చుక్క మీద తీవ్రమైన వెలుగును కొద్ది నిమిషాలు పడవేసి, రంగు మార్పును అక్కడికక్కడే కొలిచి, కంటికి కనిపించేంత మార్పు రాకముందే ఆపేస్తుంది. అలాంటి యంత్రం అందుబాటులో లేని మ్యూజియం చేయగలిగిన తెలివైన పని ఒక్కటే: తెలియనంత కాలం పటాన్ని మిక్కిలి సున్నితమైన తరగతిలోనే ఉంచడం.

కొత్త పటాలు పాతవాటి కంటే గట్టివన్న నమ్మకానికి కూడా ఆధారం తక్కువ. నేటి కళాకారులలో చాలామంది బజారులో దొరికే పోస్టరు రంగులు, నీటిరంగులు వాడుతున్నారు. చిత్రకారుల కోసం ప్రత్యేకంగా తయారయ్యే ఖరీదైన రంగుల గొట్టాల మీద వెలుగును తట్టుకునే శక్తికి గుర్తు ముద్రిస్తారు; బడిపిల్లల పోస్టరు రంగు సీసా మీద సాధారణంగా అది కనబడదు. కృత్రిమ ఎరుపు ఎంత ద్రోహం చేయగలదో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అనుభవం చెబుతుంది. మార్క్ రోత్కో అనే ప్రసిద్ధ చిత్రకారుడు ఆ విశ్వవిద్యాలయపు భోజనశాల కోసం గీసిన అయిదు పెద్ద చిత్రాలను 1964లో పెద్ద కిటికీలున్న గదిలో అమర్చారు. వాటిలో వాడిన లిథాల్ రెడ్ అనే ఎరుపు ఎండకు తాళలేక చోటుకో తీరుగా వెలిసిపోగా 1979లో వాటిని దించివేశారు. 2014లో మళ్లీ చూపినప్పుడు కుంచె ముట్టకుండా, ప్రొజెక్టరు నుంచి లెక్కగట్టిన రంగు వెలుగును బిందువు బిందువుగా పడవేసి పోయిన ఎరుపును కంటికి మాత్రం తిరిగి ఇచ్చారు. ప్రొజెక్టరు ఆపగానే ఆ ఎరుపు మాయమవుతుంది. ఘనకార్యమే, సందేహం లేదు. కాని అది కిటికీ తెరలు మూసి ఉంచనందుకు యాభై ఏళ్ల తర్వాత చెల్లించిన మూల్యం కూడా.

పెట్రోమాక్స్ లెక్క

యూరప్‌లో పుట్టిన 50 లక్స్ నియమాన్ని మన ఊళ్లకు తెచ్చి నిలిపితే అది అనుకున్నంత పరాయిది కాదని తేలుతుంది. 300 కొవ్వొత్తుల బలమని పేరుపడిన పెట్రోమాక్స్ లైటును పటానికి రెండున్నర మీటర్ల దూరంలో పెడితే, దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుందన్న సూత్రం ప్రకారం, పటం మీద పడే వెలుగు సుమారు 48 లక్స్. పల్లెలో రాత్రివేళ సాగే కథకు ఆ వెలుగు చాలేది. అలాంటి కథ ఏడాదికి 60 రాత్రులు, రాత్రికి నాలుగు గంటలు జరిగిందనుకుంటే పటం మొత్తం మీద పడిన వెలుగు పన్నెండు వేల లక్స్-గంటలకు మించదు. పైగా కథకుడు పటాన్ని జరుపుకుంటూ పోవడం వల్ల ఒక్కో గడికి అందులో కొంతే అందుతుంది. అంతర్జాతీయ సంఘం 2004లో చెప్పిన 15,000 పరిమితికి చుట్టలోని పటం తెలియకుండానే లోబడి ఉందన్నమాట.

అయితే ఈ లెక్కను మరీ మురిపెంగా చూడటం సరికాదు. పగటిపూట చెట్టు నీడన చెప్పే కథకు పటం మీద వేల లక్స్ పడతాయి. అయిదు వేల లక్స్ నీడలో మూడు గంటల కథతో ఏడాది పరిమితి పూర్తయిపోతుంది. ఎండలో నేరుగా ఒక్క గంట పరిస్తే ఆరున్నరేళ్ల పరిమితి పోతుంది. వాన, చెమట, ఎద్దుబండి ప్రయాణం, మడతల దగ్గర రాలే సుద్ద సరేసరి. పటం జీర్ణమైనప్పుడు కథకులు దానికి మనిషికి చేసినట్టు అంత్యక్రియలు జరిపి నీటిలో విడిచిపెట్టి, నకాషీలతో కొత్తది గీయించుకునేవారని తెలంగాణ పటాల మీద పరిశోధించినవారు రాశారు. ఈ పటాలపై 1998లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి సిద్ధాంతగ్రంథం సమర్పించిన కీర్తన తంగవేలు వాటిని తెలంగాణ చిత్రిత పురాణాలుగా పరిచయం చేశారు. అంటే సంప్రదాయం పటాన్ని శాశ్వతంగా ఉంచాలని కోరలేదు, కథను మాత్రమే కోరింది. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ భారతీయ కళా మ్యూజియంలో పదిహేడో శతాబ్దానికి చెందినదిగా పండితులు గుర్తించిన భావనారుషి పటం వంటివి అపురూపం కావడానికి కారణం అదే. శాశ్వతత్వం కోరేది మ్యూజియం. కోరినవారే దానికి కావలసిన క్రమశిక్షణను కూడా భరించాలి.

మసకలో ఎరుపు ఎరుపుగా

50 లక్స్ అంటే చాలామంది సందర్శకులకు మసక. బయట వేల లక్స్ వెలుగు నుంచి వచ్చిన కన్ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అరవై ఏళ్ల వ్యక్తి కంటి రెటీనాకు చేరే వెలుగు ఇరవై ఏళ్ల యువకుడికి చేరేదానిలో దాదాపు మూడో వంతే గనుక పెద్దవారికి ఆ మసక మరింత చిక్కగా ఉంటుంది. వెలుగు తగ్గినకొద్దీ రంగుల నిండుదనం కూడా తగ్గినట్టు కంటికి తోస్తుంది. కాబట్టి పరిమాణంలో పోయినదాన్ని నాణ్యతలో రాబట్టుకోవడమే దీపాలు అమర్చేవారి పని, అందులో ఎల్ఈడీ దీపాలు తెచ్చిన మార్పు పెద్దది.

పాత హాలోజన్ దీపం రంగులను చక్కగా చూపేది గాని, దానితో పాటు వచ్చే పరారుణ కిరణాల వేడి చింతగింజల జిగురుతో నిలిచిన సుద్ద పూతను ఎండబెట్టి పగుళ్లిచ్చేది. ట్యూబులైటు చల్లనిది, కాని అతినీలలోహితాన్ని కొంత విడుస్తుంది, ఎరుపును పేలవంగా చూపుతుంది. తెల్లని ఎల్ఈడీ చాలావరకు నీలి వెలుగునిచ్చే చిప్పు మీద పసుపు, ఎరుపు ఫాస్ఫర్ పొడి పూయడం వల్ల తయారవుతుంది. దానిలో అతినీలలోహితం దాదాపు ఉండదు, వేడి వెనుక భాగం నుంచి పోతుంది, వెలుగు తగ్గించుకోవడం సులువు. మేలైనది కొనాలంటే డబ్బా మీది అంకెలు చదవడం తెలియాలి. దీపం రంగులను ఎంత నమ్మకంగా చూపుతుందో చెప్పే వర్ణ ప్రదర్శన సూచిక, వ్యాపార భాషలో సీఆర్ఐ, 100కు లెక్కిస్తారు. అయితే ఆ సగటు అంకె లెక్కలో చేరేవి ఎనిమిది లేత రంగులు మాత్రమే. ముదురు ఎరుపు తొమ్మిదో నమూనా, దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది, సగటులో అది కలవదు. సగటు 80 దాటిన చవక దీపానికి ఆర్9 సున్నా దగ్గరే ఉండవచ్చు. ఇంగిలీకం నేల మీద గీసిన పటాన్ని అలాంటి దీపం కింద నిలిపితే ఎరుపు ఇటుక వన్నెకు, ఇటుక మట్టి వన్నెకు దిగజారుతుంది, సందర్శకుడు మాత్రం పటం పాతబడిందనుకుంటాడు. పటాల గదికి సూచిక 95కు పైన, ఆర్9 కూడా 90 దరిదాపుల్లో ఉన్న దీపాలే తగినవి. 2015లో అమెరికా ప్రకాశ ఇంజనీర్ల సంఘం తెచ్చిన కొత్త పద్ధతి ఎనిమిదికి బదులు 99 రంగులను తీసుకొని, రంగులు ఎంత నమ్మకంగా ఉన్నాయో ఒక అంకెతో, ఎంత నిండుగా ఉన్నాయో మరొక అంకెతో చెబుతుంది గనుక పెద్ద మ్యూజియంలు దానివైపు మొగ్గుతున్నాయి.

దీపపు తెలుపులో వెచ్చదనాన్ని కెల్విన్ అంకెతో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు ఎరుపులవైపు, పెరిగేకొద్దీ నీలంవైపు పోతుంది. నూనె దీపం రెండు వేల కెల్విన్‌లకు కొంచెం దిగువన ఉంటుంది. పటానికి 2,700 నుంచి 3,000 కెల్విన్‌ల వెలుగు రెండు విధాల మేలు: ఎరుపు నేలను నిండుగా చూపుతుంది, నీలి ఫోటాన్లు తక్కువ కావడం వల్ల అదే లక్స్‌కు హాని కూడా కొంత తగ్గుతుంది. గోడను ముదురు బూడిద వన్నెలో ఉంచి, పటం మీద తప్ప మరెక్కడా వెలుగు పడకుండా చూస్తే 50 లక్స్ కూడా కంటికి 100 లాగా తోస్తుంది. గుమ్మం దగ్గర 200, నడవాలో 100, పటాల గదిలో 50 అన్న క్రమంలో వెలుగును దించుకుంటూ పోతే కన్ను నడకతో పాటే సర్దుకుంటుంది. ఫోటో ఫ్లాష్ మీద మ్యూజియంలలో ఉన్న కోపం కొంత అతిగానే కనిపిస్తుంది. ఒక్క ఫ్లాష్ చేసే హాని అత్యల్పం. అధికారులు నవ్వుతూ అనుమతించే టీవీ చిత్రీకరణ దీపాలు ఒక పూట వెలిగితే అంతకంటే ఎన్నో రెట్లు చేటు.

నిర్మల్ మెరుపు, గుస్సాడీ పింఛం

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళితే సమస్య రూపం మారుతుంది. నిర్మల్ నకాషీలు పొనికి కర్రతో చేసిన బొమ్మలకు, చెక్క పలకల మీది చిత్రాలకు ప్రసిద్ధులు. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి అక్కడి చిత్రాల్లో డ్యూకో వాడకం పెరిగింది. డ్యూకో అసలు 1920లలో అమెరికాలో మోటారు కార్ల కోసం వచ్చిన నైట్రోసెల్యులోజ్ పూత. నల్లని నేల, దాని మీద బంగారు వన్నె గీతలు, అజంతా స్త్రీల భంగిమలు గల నిర్మల్ చిత్రం పటంలా సుద్దబారినది కాదు, అద్దంలా మెరిసేది. దానికి ఎదురుగా దీపం పెడితే బొమ్మకు బదులు దీపమే కనిపిస్తుంది. నిట్టనిలువు నుంచి సుమారు 30 డిగ్రీల వాలుతో పైనుంచి వెలుగు వేస్తే మెరుపు నేలవైపు జారిపోయి, బంగారు గీత మాత్రం కంటికి తగులుతుంది. రంగులు పటం కంటే గట్టివైనా నైట్రోసెల్యులోజ్ వెలుగుకు, ముఖ్యంగా అతినీలలోహితానికి, పసుపెక్కి పెళుసవుతుంది గనుక వీటికీ 200 లక్స్ హద్దు దాటకపోవడం, కిటికీ అద్దాలకు అతినీలలోహితాన్ని ఆపే పొర అంటించడం అవసరం.

జోడేఘాట్‌లో కుమ్రం భీం పేరిట ఉన్న గిరిజన మ్యూజియం వంటి చోట్ల ప్రశ్న మరో దారి పడుతుంది. గోండుల గుస్సాడీ నర్తకుడి నెమలి పింఛాల టోపీలోని నీలం, ఆకుపచ్చ అద్దకపు రంగులు కావు. ఈకలోని సూక్ష్మమైన పొరల అమరిక వెలుగును విరిచి చూపే వన్నెలవి. అద్దకం లేదు గనుక వెలిసే ప్రశ్న అంతగా లేదు, కాని ఈక దేహమైన కెరటిన్ వెలుగుకు బలహీనపడి రాలిపోతుంది. అది కదిలినప్పుడే వన్నె మారుతుంది కాబట్టి నలువైపులా సమానంగా పరచిన వెలుగు దానికి అన్యాయమే చేస్తుంది. ఒక వైపు నుంచి సన్నగా పడే వెలుగు సందర్శకుడు అడుగు వేసిన ప్రతిసారీ నీలాన్ని పచ్చగా మారుస్తుంది. నార్నూర్ మండలం గుంజాలలో బయటపడిన గోండీ లిపి రాతప్రతులు కాగితం, సిరా గనుక వాటికి పటాల నియమాలే వర్తిస్తాయి, వాటిని పుట తిప్పుతూ చూపడం ఇంకా సులువు. కరీంనగర్ పురావస్తు మ్యూజియం వైపు చూస్తే ధూళికట్ట, కోటిలింగాల వంటి శాతవాహన స్థలాల రాయికి, నాణేలకు అసలు పరిమితే లేదు. రాతి శిల్పం కోసం అమర్చిన దీపాన్ని తీసి అదే గదిలోని పటం మీదకు తిప్పడంలో ఉన్న ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది.

ముప్ఫై ఏడు రోజులు

మిక్కిలి సున్నితమైన వస్తువుకు ఏడాదికి 15,000 లక్స్-గంటలు, 50 లక్స్, రోజుకు 8 గంటలు అన్న అంకెలను భాగిస్తే వచ్చేది 37 రోజులు. మామూలు చిత్రానికి ఈ అంకె శిక్ష: ఏడాదిలో 37 రోజులు చూపి మిగిలిన కాలం దాచుకోవాలి, దాని స్థానంలో మరొకటి పెట్టడానికి నిల్వలో అంత సంపద ఉండాలి. పటానికి మాత్రం ఇది శిక్ష కాదు. ముప్ఫై అడుగుల పటాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించి, అద్దాల పెట్టెలో పైన ఒక రోలరు, కింద ఒక రోలరు అమర్చి ఒక్కో భాగాన్ని 37 రోజుల చొప్పున తెరిస్తే, మ్యూజియం తెరిచి ఉండే 300 రోజులూ దాదాపుగా నిండుతాయి, ఏ గడి కూడా ఏడాది పరిమితిని దాటదు. ఒకే వస్తువు తనకు తానే ప్రత్యామ్నాయం కాగల కళారూపాలు ప్రపంచంలో తక్కువ. మొత్తం పటాన్ని ఒక్కసారిగా గోడ మీద పరచాలన్న ఆశ మ్యూజియం రూపకర్తలకు సహజమే గాని, పటాన్ని అలా చూడటం కథకుడి పద్ధతి కాదు, నకాషీ ఊహించినదీ కాదు.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. చుట్టిన ప్రతిసారీ సుద్ద పూత వంగుతుంది, వంగిన చోట సన్నని బీట పడుతుంది. సన్నని కర్రకు బదులు వెడల్పైన గొట్టం మీద, బొమ్మ వెలుపలి వైపుకు వచ్చేలా, నడుమ ఆమ్లం లేని మెత్తని కాగితం పొరతో చుట్టితే ఆ ఒత్తిడి తగ్గుతుంది. రంగు పొరలు ఇప్పటికే లేస్తున్న పటాన్ని ముందుగా సంరక్షకుల చేత గట్టిపరచకుండా రోలరు మీదకు ఎక్కించడం తగదు. భారతదేశంలో ఈ పనికి 1976 నుంచి లక్నోలో జాతీయ సాంస్కృతిక సంపద సంరక్షణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. మిగతా సామగ్రికి పెద్ద ఖర్చు లేదు. చేతిలో పట్టే లక్స్ మీటరు, పెట్టెలో ఒక మూల సగం కప్పి ఉంచిన నీలి ఉన్ని పట్టీ, మనిషి ఎదుటికి వచ్చినప్పుడే వెలిగే దీపానికి ఒక సెన్సరు, అది లేకపోతే అద్దం మీద సందర్శకుడు ఎత్తి చూసుకునే నల్లగుడ్డ తెర చిన్న జిల్లా మ్యూజియానికైనా అందుబాటులోనివే.

ఇక ఏడాదికి ఎనిమిది సార్లు పెట్టె తెరిచి పటాన్ని జరపక తప్పదు గనుక, ఆ రోజుల్లో కూనపులి వారినో డక్కలి వారినో పిలిపించి కొత్తగా తెరిచిన గళ్ల కథను అక్కడే చెప్పించడానికి మ్యూజియం అదనంగా ఒక్క లక్స్ కూడా వెచ్చించనక్కరలేదు. ఆ 50 లక్స్‌ల వెలుగు వారికి కొత్తది కాదు.